ప్రొప్రయిటర్ సంతకం

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడ... ఈ పారిశ్రామికవాడల్లో ఏ సందులోకి వెళ్ళినా షెడ్ల మీద బోర్డులు చూడండి. అమ్మవారి పేరు, చనిపోయిన తల్లి పేరు, భార్య పేరు, కొత్తగా పుట్టిన కూతురి పేరు. దాని పక్కన ఇంజనీరింగ్ వర్క్స్ అనో, ప్రెసిషన్ టూల్స్ అనో ఉంటుంది. లోపలికి వెళ్తే లేతుల దగ్గరా, మిల్లింగ్ మిషన్ల దగ్గరా మగవాళ్ళు. ఆఫీసు గదిలో కుర్చీలో మగవాడు. బోర్డు మీద పేరున్న ఆడమనిషి ఇంట్లో ఉంటుంది. చెక్కుబుక్కు వచ్చినప్పుడు సంతకం పెడుతుంది.

నేను అలాంటి ఒక బోర్డుని. 1996 నుంచి ప్రొప్రయిటర్‌ని. బ్యాంకు కాగితాల్లో ‘ప్రొప్రయిట్రిక్స్’ అని రాసేవారు. ఆ మాట తడబడకుండా పలకడానికి నాకు నెల పట్టింది. మా ఆయన (సహచరుడు అని రాయాలని ఉంది గానీ ఆ రోజుల్లో మా మధ్య ఉన్నది సహచర్యం అనలేను) ఒక ప్రభుత్వరంగ సంస్థలో టర్నర్. ఉద్యోగి వ్యాపారం చేయకూడదు. భార్య చేస్తే ఆఫీసుకి తెలియజేస్తే చాలు. అలా తెలియజేసి నా పేరు మీద షెడ్డు అద్దెకు తీసుకున్నారు. రెండు పాత లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో డిగ్రీ చదివి, పెళ్ళయి హైదరాబాదు వచ్చిన నాకు మైక్రోమీటర్ అంటే ఏమిటో తెలియదు. ఆ తెలియకపోవడమే నా అర్హత అని తర్వాత అర్థమైంది.

ఈ పత్రికలో ఇంటిచాకిరీ గురించి చాలా వ్యాసాలొచ్చాయి, పొలం పని గురించీ బీడీలు చుట్టే పని గురించీ వచ్చాయి. చిన్న పరిశ్రమల్లో పేరుకి యజమానులుగా ఉండే ఆడవాళ్ళ గురించి రాలేదు. మమ్మల్ని కార్మికులు అనడానికి లేదు, యజమానులు అంటే నవ్వొస్తుంది. అందుకే రాస్తున్నాను. అదీగాక మా వ్యాపారం అందరికీ తెలిసిన వ్యాపారం కాదు. మేం చేసేవి క్షిపణుల్లోకీ, విమానాల్లోకీ వెళ్ళే చిన్న చిన్న భాగాలు. బుష్‌లు, బ్రాకెట్లు, ఫ్లాంజ్‌లు, ప్రత్యేకమైన బోల్టులు. అరచేతిలో పట్టే వస్తువులే. అవి ఎక్కడ కూర్చుంటాయో డ్రాయింగులో పూర్తిగా ఉండదు, మాకు చెప్పరు కూడా.

హైదరాబాదులో ఈ పని ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి. బాలానగర్‌లో 1965లో హెచ్‌ఏఎల్ విభాగం వచ్చింది. కంచన్‌బాగ్‌లో 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని వచ్చాయి. 1983లో క్షిపణుల కార్యక్రమం మొదలయ్యాక డీఆర్‌డీవో ప్రయోగశాలలకి రకరకాల భాగాలు కావలసి వచ్చాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. ఇన్ని పెద్ద సంస్థలకీ అన్ని భాగాలూ లోపలే చేసుకోవడం కుదరదు. పది కావాలి, ఇరవై కావాలి, కొన్నిసార్లు రెండే కావాలి. పెద్ద ఫ్యాక్టరీకి అది గిట్టదు. అందుకే ఆ సంస్థల్లో పని నేర్చుకున్నవాళ్ళూ, బాలానగర్‌లో 1968లో పెట్టిన టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవాళ్ళూ బయటికొచ్చి షెడ్లు పెట్టారు. ఈ నగరంలో క్షిపణి అంటే పత్రికల్లో శాస్త్రవేత్తల ఫొటో వస్తుంది. ఆ క్షిపణిలో సగం బాలానగర్ సందుల్లో నూనె మరకల చొక్కాలు తయారుచేసినదేనని మా ఆయన ఎప్పుడూ అనేవారు. అతిశయోక్తే కావచ్చు. కానీ ఆ గర్వం నిజం.

అప్పటి పద్ధతి ఇలా ఉండేది. సంస్థ దగ్గర నమోదైన సరఫరాదార్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో నలుగురైదుగురికి ఎంక్వయిరీ కాగితం వస్తుంది. సీలు వేసిన కవర్లో ధర రాసి పెట్టెలో వేయాలి. ఆర్డరు వస్తే ముడి లోహం వాళ్ళే ఇస్తారు, దానికి పూచీగా బాండో, బ్యాంకు గ్యారంటీయో తీసుకుంటారు. మారేజింగ్ స్టీల్ లాంటివి బజార్లో దొరికేవి కావు కదా. పని చేసి, చలాన్ రాసి పంపిస్తే అక్కడ ఇన్‌స్పెక్షన్. పాసైతే బిల్లు. డబ్బు మూడు నెలలకో ఆరు నెలలకో. ఇదంతా మనుషుల పరిచయాల మీద నడిచేది. కొనుగోలు విభాగం ఆఫీసరు కూతురి పెళ్ళికి వెళ్ళాలి, ఇన్‌స్పెక్టర్‌తో టీ తాగాలి. సాయంత్రాలు క్లబ్బుల్లో, దాబాల్లో జరిగే మాటలు ఉంటాయి. వాటిల్లో ఆడవాళ్ళకి చోటు లేదు. కాబట్టి నేను ప్రొప్రయిటర్‌నైనా ఆ గేటు దాటి లోపలికి వెళ్ళే అవసరం పదిహేనేళ్ళ పాటు రాలేదు.

మరి నేను ఏం చేశాను? చలాన్లు రాశాను. జీతాల పుస్తకం రాశాను. సేల్స్‌టాక్స్, తర్వాత వ్యాట్, తర్వాత జీఎస్‌టీ లెక్కలు చూశాను. రాత్రి షిఫ్టు నడిచిన రోజున ఆరుగురికి వంట చేసి క్యారియర్లు పంపాను. ఆర్డరు ఆలస్యమైతే పనివాళ్ళ ఇళ్ళకి ఫోన్లు చేసి బతిమాలాను. జీతాల రోజున డబ్బు లేకపోతే నా గాజులు తాకట్టు పెట్టి, బిల్లు వచ్చాక విడిపించుకుని, మళ్ళీ పెట్టాను. ఆ గాజులు నా చేతికన్నా ఎక్కువ కాలం ముత్తూట్ లాకర్లోనే ఉండి ఉంటాయి. వీటికి జీతం లేదు. ‘ఇంట్లో ఖాళీగా ఉంటుంది కదా, కాస్త చూసుకుంటుంది’ అనేవారు మా అత్తగారు, వచ్చినవాళ్ళతో, మెచ్చుకోలుగానే.

మార్పు ఒక్కరోజులో రాలేదు. 2001 మేలో రక్షణ ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు, విదేశీ పెట్టుబడి 26 శాతం వరకు అన్నారు. అది 2014లో 49కి, 2020లో నేరుగా 74కి పెరిగింది. 2005లో ఆఫ్‌సెట్ అనే మాట వచ్చింది. అంటే విదేశీ కంపెనీ మనకు విమానాలో ఆయుధాలో అమ్మితే, ఒప్పందం విలువలో కనీసం 30 శాతానికి ఇక్కడ కొనుగోళ్ళో పెట్టుబడులో చూపించాలి. మొదట్లో 300 కోట్లు దాటిన ఒప్పందాలకి ఆ షరతు. 2016లో ఆ గీతను 2000 కోట్లకి జరిపారు. ఆదిభట్లలో టాటాల ఫ్యాక్టరీల్లో 2010 నుంచి సికోర్‌స్కీ హెలికాప్టర్ల క్యాబిన్లు, తర్వాత సి-130జె విమానాల తోకభాగాలు, 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల శరీరాలు తయారవుతున్నాయి. 2025 జూన్‌లో రఫేల్ శరీరభాగాల ఒప్పందం కూడా హైదరాబాదుకే వచ్చింది.

ఇవన్నీ చదివిన మా చుట్టాలు ‘ఇంకేం, మీకు పంట పండినట్టే’ అన్నారు. పంట పండేది ఎవరికో మా షెడ్డులో కూర్చుని చూస్తే తెలుస్తుంది. విమానం కంపెనీ పైన ఉంటుంది. దాని కింద పెద్ద పెద్ద భాగాలు చేసేవాళ్ళు, వాళ్ళ కింద చిన్న భాగాల వాళ్ళు, వాళ్ళ కింద మాలాంటి వాళ్ళు. పైన ధర తగ్గించమంటే ఆ తగ్గింపు మెట్టు మెట్టుకీ కిందికి దిగుతుంది. ఒప్పందం పేరు దీర్ఘకాలికం, అందులోనే ఏటేటా ఇంత శాతం ధర తగ్గించాలని రాసి ఉంటుంది. పైన ఏదైనా కూలితే అదీ దిగుతుంది. 2019 మార్చిలో రెండో ప్రమాదం తర్వాత బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలను ప్రపంచమంతటా నిలిపేశారు. ఆ రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు. మరుసటి ఏడాది కరోనా వచ్చి మిగతా విమానాలూ ఆగిపోయాయి. మా పై మెట్టు వాళ్ళు ఫోన్ చేసి ‘ఇప్పుడేమీ పంపకండి’ అన్నారు. తయారై నూనె రాసి, కాగితంలో చుట్టిన నాలుగు వందల బుష్‌లు పద్నాలుగు నెలలు మా అలమరాలో ఉన్నాయి. వాటికి పెట్టిన లోహం ఖర్చుకి వడ్డీ కట్టింది మేం.

ఇక ప్రభుత్వ సంస్థల వైపు సీలు కవర్లు పోయాయి. కంప్యూటర్ టెండర్లు వచ్చాయి, 2016లో జెమ్ పోర్టల్ వచ్చింది, ఆ తర్వాత రివర్స్ ఆక్షన్. మామూలు వేలంలో ధర పెరుగుతుంది, ఇందులో తగ్గుతుంది. తెర మీద అప్పటికి అందరికన్నా తక్కువ ధర కనిపిస్తుంది, అది ఎవరిదో కనిపించదు. చివరి నిమిషాల్లో ఎవరన్నా తగ్గిస్తే గడువు మళ్ళీ కాసేపు పెరుగుతుంది.

ఈ పని నాకు వచ్చి పడింది. మా ఆయనకి లేతు మీద చెయ్యి పెడితే వేడిని బట్టి టూల్ అరిగిందో లేదో తెలుస్తుంది గానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే చెమటలు. కాబట్టి నేనే కూర్చున్నాను. ఒకసారి మధ్యాహ్నం మూడింటికి మొదలైన ఆక్షన్ ఏడున్నర దాకా సాగింది. పక్కనే కాగితం మీద లెక్క: లోహం ఇంత, మిషను గంటకి ఇంత, టూల్స్ ఇంత, కరెంటు, హీట్ ట్రీట్‌మెంటు, ప్లేటింగు, రవాణా. ధర దిగుతోంది. అవతల ఎవరో ఉన్నారు, వాళ్ళూ ఏ షెడ్డులోనో ఇలాగే కూర్చుని ఉంటారు. కోయవలసింది ఏముందని కాగితం వంక చూస్తే లోహం ధర కోయలేను, కరెంటు కోయలేను. మిగిలింది కూలి. అందులోనూ ముందుగా కనిపించింది డీబర్రింగ్ చేసే ఆడవాళ్ళ కూలి. ఏ నిపుణులూ నాకు చెప్పలేదు, ఆ తెరే చెప్పింది. ప్రపంచీకరణ గురించి మనం ఎన్నో సభల్లో విన్నాం. అది పని చేసే తీరు నేను చూసింది ఆ సాయంత్రం. నేను ఆపేశాను. ఆర్డరు వేరేవాళ్ళకి వెళ్ళింది. మా ఆయన మూడు రోజులు మాట్లాడలేదు.

డీబర్రింగ్ అంటే చెప్పాలి. లోహాన్ని కోసినప్పుడు అంచున సన్నటి ముల్లులా మిగిలే దాన్ని బర్రు అంటారు. కంటికి సరిగ్గా కనపడదు, వేలికి గుచ్చుకుంటుంది. అది ఊడి హైడ్రాలిక్ గొట్టంలోకి పోతే విమానమే ప్రమాదంలో పడొచ్చు. దాన్ని చిన్న ఫైలుతో, స్క్రేపర్‌తో, భూతద్దం కింద చేత్తో తీయాలి. ఎక్కువ తీస్తే కొలత పోతుంది, తక్కువ తీస్తే రిజెక్షన్. ఇన్ని కంప్యూటర్ మిషన్లు వచ్చినా ఈ పని చాలావరకు చేతిదే. మా వాడలో ఈ పని ఆడవాళ్ళు చేస్తారు, ‘హెల్పర్’ అనే పేరు మీద. హెల్పర్ అంటే నైపుణ్యం లేని కార్మికురాలి కూలి. ‘ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువండీ, చేతులు సున్నితం’ అంటారు. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ సరిగ్గా ఈ సున్నితమైన వేళ్ళ గురించే వ్యాసం రాశారు. ఎలక్ట్రానిక్స్, బట్టల ఫ్యాక్టరీల్లో ఆడపిల్లల చేతి నేర్పు పుట్టుకతో వచ్చినదని చెప్పి, ఇళ్ళలో ఏళ్ళ తరబడి నేర్చుకున్న నైపుణ్యాన్ని లెక్కలోకి రాకుండా చేస్తారని వాళ్ళన్నారు. మా షెడ్డులో పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్న ఆమె ఒకసారి నాతో, ‘అమ్మా, లేతు పిల్లగాడు ఆర్నెల్లల్ల ఆపరేటర్ అయిండు. నేనెప్పుడైత?’ అంది. ఆమె చేసిన వాటిలో రిజెక్షన్ వచ్చింది నాకు గుర్తులేదు. ఆ నెల నుంచే ఆమె పేరు ‘ఫిట్టర్’ కింద రాశాను. ఒక్క మాట మార్చడానికి ఇంట్లో రెండు వారాల యుద్ధం. ‘ఈవిడకి ఇస్తే అందరూ అడుగుతారు’ అన్నారు. అవును, అడుగుతారు. అడిగారు కూడా. ఇచ్చాం.

ఇప్పుడు ఆ మూడు శాతం కథ. చిన్న పరిశ్రమల నుంచి ప్రభుత్వ సంస్థలు ఇంత కొనాలని 2012 నుంచి ఒక విధానం ఉంది. అది మొదట 20 శాతం. 2018లో దాన్ని 25 శాతం చేసి, అందులో 3 శాతం ఆడవాళ్ళ యాజమాన్యంలో ఉన్న పరిశ్రమల నుంచి కొనాలన్నారు. ఎస్సీ, ఎస్టీ యజమానులకి 4 శాతం అంతకు ముందే ఉంది. ఆ ప్రకటన రాగానే మా వాడలో ఆడిటర్ల ఆఫీసులు కిటకిటలాడాయి. భార్యల పేర, కోడళ్ళ పేర 51 శాతం వాటాలు రాయించారు. అంతకు ముందు పన్నుల కోసమో ఉద్యోగ నిబంధనల కోసమో పేరుకి పెట్టిన ఆడవాళ్ళు ఒక్కసారిగా విలువైనవాళ్ళయ్యారు. నాకు తెలిసిన ఒక కోడలు కాగితం మీద సంతకం పెట్టి, ‘ఇది ఏం కంపెనీ మావయ్యా?’ అని అడిగితే, ‘నీకెందుకమ్మా, నీదే కదా’ అన్నారట. ఈ మాట చెప్పి ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అయినా ఆ నియమాన్ని నేను తిట్టను. బూటకం ఎక్కువగానే ఉంది, కానీ బూటకపు తలుపు కూడా తలుపే. మా విషయంలో అది ఇలా తెరుచుకుంది. విమానభాగాలకి ఏఎస్ 9100 అనే నాణ్యతా ప్రమాణపత్రం ఉంటే తప్ప ఆర్డరివ్వమని పై మెట్టు వాళ్ళు చెప్పారు. ఆడిటర్ వచ్చాడు. మా ఆయన ఎదురెళ్ళి కుర్చీ వేశారు. అతను కాగితాలు చూసి, ‘టాప్ మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాలి సార్, మేడమ్ ఎక్కడ?’ అన్నాడు. మేడమ్ అప్పుడు లోపల టీ పోస్తోంది. మా ఆయన ‘నన్నడగండి, నేను చెప్తాను’ అన్నారు. ‘ప్రొప్రయిటర్ ఆవిడ కదా’ అన్నాడతను. పాపం అతనికి స్త్రీవాదం ఏమీ లేదు, అతని ఫారంలో అలా ఉంది. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. మీ వ్యాపారానికి ఉన్న ముప్పులేమిటి అని మొదటి ప్రశ్న. ఇరవై రెండేళ్ళుగా రాత్రిళ్ళు నిద్రపట్టకుండా లెక్కపెట్టుకున్నవి అవే కదా! ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం, బిల్లులు ఆలస్యం, ప్లేటింగ్ చేసే షెడ్డు ఒక్కటే ఉండటం, పాత ఆపరేటర్ మానేస్తే ఆ జాబ్ చేసేవాళ్ళు లేకపోవడం... అన్నీ చెప్పాను. లోహపు ముక్క ఏ బ్యాచ్‌దో, ఎవరు కోశారో, ఎవరు కొలిచారో వెనక్కి వెతికి చూపించమన్నాడు. ఆ రిజిస్టర్లు రాసింది నేనే, నాలుగు నిమిషాల్లో చూపించాను. అతను వెళ్ళాక మా ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, ‘నీకివన్నీ ఎప్పుడు తెలుసు?’ అన్నారు. అందులో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం నాకు కోపం తెప్పించింది.

పరీక్ష అసలు ఆ తర్వాత వచ్చింది. ప్రమాణపత్రం వచ్చింది గానీ నాలుగు అక్షాల మిల్లింగ్ సెంటరు, కొలతలకి సీఎంఎం మిషను లేకపోతే పెద్ద జాబ్‌లు రావు. అన్నీ కలిపి డెబ్బై లక్షల పైమాటే. బ్యాంకు మేనేజరు ఆస్తి తాకట్టు అడిగాడు. ఇంట్లో అందరి చూపూ నా ఎకరం మీద పడింది. మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చిన ఎకరం. అమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, అన్నయ్యలు గొణిగినా వినకుండా నాకిచ్చింది. మా ఆయన పేరు మీద కూకట్‌పల్లిలో రెండొందల గజాల స్థలం ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘అది అబ్బాయికి’ అన్నారు. ‘ఆస్తి నీదైతేనేం, నాదైతేనేం, ఇద్దరం ఒకటే కదా’ అన్నారు. ఒకటే అయినప్పుడు ప్రతిసారీ నాదే ఎందుకు వెళ్తుందని అడిగాను. గాజులు వెళ్ళాయి, పేరు వెళ్ళింది, అప్పు తీర్చకపోతే కోర్టు నోటీసు వచ్చేది నాకు. మా అబ్బాయి, ఇంజనీరింగ్ చదివినవాడు, ‘అమ్మా, బిజినెస్‌లో సెంటిమెంట్ పెట్టకు’ అన్నాడు. వాడికి తన స్థలం మీద ఉన్నది మాత్రం సెంటిమెంట్ కాదు.

నేను సంతకం పెట్టనన్నాను. ప్రొప్రయిటర్ సంతకం లేకుండా అప్పు రాదు. ఇన్నేళ్ళూ నన్ను వాడుకోవడానికి పనికొచ్చిన సంతకం ఒక్కసారి అడ్డం తిరిగింది. ఇంట్లో నెలరోజులు నరకం. అత్తగారు భోజనం మానేశారు. నేను మాత్రం బ్యాంకుల చుట్టూ తిరిగాను. చిన్న పరిశ్రమలకి తాకట్టు లేకుండా అప్పిస్తే బ్యాంకుకి హామీ ఇచ్చే క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు 2000 నుంచే ఉంది. అప్పట్లో రెండు కోట్ల వరకు వర్తించేది, తర్వాత ఆ పరిమితి పెరిగింది. ఆడవాళ్ళ యూనిట్లకి హామీ శాతం మామూలు వాటికన్నా ఎక్కువ. ఇరవై ఏళ్ళ బట్టీ మా బ్యాంకులో ఏ మేనేజరూ ఆ మాట మాకు చెప్పలేదు. తాకట్టు ఆస్తి చేతిలో ఉంటే వాళ్ళకి నిశ్చింత కదా. మూడో బ్యాంకులో ఒక యువ ఆఫీసరు, ఆమె ఆడపిల్ల కావడం కాకతాళీయమే కావచ్చు, ఫైలు చదివింది. ఆరు నెలల పాటు చదివించాను అనాలి. అప్పు వచ్చింది, హామీ రుసుముతో కలిపి కొంచెం ఖరీదుగానే. ఎకరం అలాగే ఉంది. కౌలు డబ్బు నా ఖాతాలో పడుతుంది.

బిల్లుల సంగతి కూడా చెప్పాలి, అది చెప్పకపోతే మా వాడవాళ్ళు నన్ను క్షమించరు. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఎంత గొప్ప చట్టమో చూడండి! ఫిర్యాదుకి 2017లో పోర్టల్ కూడా పెట్టారు. ఫిర్యాదు చేస్తే ఈసారి ఆర్డరు రాదు, అంతే. మొగుడు కొడతాడని పోలీసు స్టేషనుకి వెళ్ళిన ఆడది మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాల్సి వచ్చినట్టు ఉంటుంది మా పరిస్థితి. ఆదాయపు పన్ను చట్టంలో మార్పు తెచ్చి, 2024 ఏప్రిల్ నుంచి గడువు దాటిన బాకీలను కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోకుండా చేశారు. ఇది గట్టి దెబ్బే. మా కొనుగోలుదారుల్లో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఫోనొచ్చింది: ‘మేడమ్, మీరు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వదులుకుంటే మనకి ఇబ్బందుండదు.’ అంటే చట్టం ఇచ్చిన రక్షణ నేను వదులుకుంటే నాకు పని ఇస్తారు. వదులుకోనన్నాను. వాళ్ళ ఆర్డర్లు సగానికి తగ్గాయి. ఆ లోటు ఇంకా పూర్తిగా పూడలేదు.

ఇదంతా చదివి మీలో కొందరు అసలు ప్రశ్న అడగడానికి కాచుకుని ఉంటారని తెలుసు. నా పాత మిత్రురాలు ఒకామె అడిగేసింది కూడా. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మేమిద్దరం ఒక చిన్న శాంతి ఊరేగింపులో నడిచాం. ‘అప్పుడు అట్ట పట్టుకున్న చేత్తో ఇప్పుడు క్షిపణి ముక్కలు ప్యాక్ చేస్తున్నావు కదా’ అంది. అప్పుడు కూడా ప్యాక్ చేస్తూనే ఉన్నాను, ఆ సంగతి ఆమెకి తెలియదు.

2025 మేలో ఆ నాలుగు రోజులు మా ఫోను మోగుతూనే ఉంది. ఆకాశ్ పేరు టీవీల్లో మారుమోగింది. చుట్టాలు, తోటి షెడ్లవాళ్ళు ‘మంచి రోజులొచ్చాయి వదినా’ అన్నారు. స్టాక్ మార్కెట్‌లో రక్షణ కంపెనీల షేర్లు పెరిగాయి. దేశ రక్షణ ఎగుమతులు 2013-14లో 686 కోట్లు, 2024-25లో 23,622 కోట్లు. ఆ పెరుగుదలలో మా బ్రాకెట్ ఏ దేశం వెళ్ళిందో, ఎవరి ఇంటి మీద ఆగిందో నాకు తెలిసే దారి లేదు. పూంఛ్‌లో గుండ్లకి ఇళ్ళు కూలిన ఆడవాళ్ళని టీవీలో చూస్తూ, అదే చేత్తో డెలివరీ తేదీల పట్టిక సరిచేశాను. దేశానికి రక్షణ అవసరం లేదని నేను అనలేను. యుద్ధం వస్తే మా షెడ్డుకి మేలు అనే వాక్యాన్నీ మింగలేను. ఈ పని మానేస్తే పద్నాలుగు మంది, అందులో అయిదుగురు ఆడవాళ్ళు, ఏం చేస్తారని నన్ను నేను అడుగుతాను. ఆయుధాల వ్యాపారంలో పైనుంచి కింది దాకా అందరూ చెప్పే జవాబు ఇదేనని కూడా తెలుసు. మిత్రురాలికి ఇదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. మేం ఇంకా మాట్లాడుకుంటున్నాం, అది చాలనుకుంటున్నాను. వైద్య పరికరాల భాగాలకి కొటేషన్లు పంపడం మొదలుపెట్టాను. ఆ ప్రమాణపత్రం వేరు, ఆ ఖర్చు వేరు, ఆర్డర్లు ఇంకా చిల్లరగానే ఉన్నాయి.

ఇప్పుడు మా సీఎంఎం మిషను మీద పనిచేస్తున్నది ఐటీఐ చదివిన ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ప్రోగ్రాం తనే రాస్తుంది. తన కొలత తప్పని ఒక ఇన్‌స్పెక్టర్ అంటే, అతని గేజ్ కాలిబ్రేషన్ గడువు దాటిందని చూపించి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ఆడవాళ్ళని రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా పనిలో పెట్టకూడదనేది. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఆడవాళ్ళ సమ్మతి, రక్షణ ఏర్పాట్లు ఉంటే రాత్రి షిఫ్టు చేయవచ్చు. పద్నాలుగు మంది ఉన్న షెడ్డులో సమ్మతి అంటే ఏమిటి? యజమాని అడిగితే కాదనగలరా? ఆ అమ్మాయి మాత్రం తనే వచ్చి అడిగింది, ‘మేడమ్, రాత్రి షిఫ్టు అలవెన్సు అబ్బాయిలకే ఎందుకు?’ అని. సరే, ఏం కావాలో రాసివ్వమన్నాను. మర్నాడు కాగితం తెచ్చింది. ఇంటి గుమ్మం దాకా బండి, బండిలో ఇంకో ఆడమనిషి, గడియ పడే బాత్రూం, సందులో లైటు, రెండు రెట్లు కాదు గానీ ఒకటిన్నర కూలి. నేను రాత్రి షెడ్డులో ఉంటే మొదటి నెల చేస్తానని చివర్లో రాసింది. బాత్రూం తలుపుకి వడ్రంగిని పిలిచాను. సందులో లైటు కోసం మున్సిపాలిటీకి రెండో అర్జీ పెట్టాను.